పడవపై సంఖ్య: అధికారమా, అభయమా?

కోస్తా రేవులలో కొత్త పడవ నీటిలోకి దిగే రోజు ఒక చిన్న పండుగ. కుటుంబమంతా ఒడ్డుకు చేరుతుంది. పడవ ముందు భాగమైన అణియానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు మ్రొక్కిన తరువాతనే జాలరులు దానిని అలల మీదికి నెడతారు. అదే అణియానికి రెండు ప్రక్కలా, ఆ బొట్లకు కొద్ది దూరంలో, రంగుతో వ్రాసిన కొన్ని అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. 'ఐ.ఎన్.డి.' అనే మూడక్షరాలు దేశాన్ని, 'ఏ.పి.' రాష్ట్రాన్ని, ఆ తరువాతి గుర్తు నమోదు జరిగిన కేంద్రాన్ని, 'ఎం.ఎం.', 'ఎం.ఓ.' వంటి జంట అక్షరాలు పడవ రకాన్ని, చివరి అంకెలు వరుస సంఖ్యను తెలుపుతాయి. పసుపు కుంకుమలు మొదటి వేటలోనే ఉప్పునీటికి చెరిగిపోతాయి. సంఖ్య మాత్రం చెరగరాదు. వెలిస్తే తిరిగి వ్రాయించుకోవలసిందే.

ఈ సంఖ్యను చూచి గస్తీ నౌక పడవను ఆపుతుంది, అధికారి సుంకమో అపరాధ రుసుమో విధిస్తాడు. తుఫాను తరువాత నష్టపరిహారం కోరి వచ్చిన జాలరిని ప్రభుత్వం ముందుగా అడిగేది కూడా ఈ సంఖ్యనే. పాలకుని అదుపు, పాలకుని ఆదరణ అనే రెండు భావాలు ఒకే పలకపై పక్కపక్కన నిలిచిన తీరు మన దేశపు నౌకా చరిత్రలో చాలా పాతది. ఆ రెండింటిలో ఏది ఎప్పుడు పైచేయిగా ఉన్నదో పరిశీలిస్తే, రాజ్యానికీ నీటిపై బ్రతికే ప్రజలకూ మధ్య గల సంబంధం చాలావరకు అర్థమవుతుంది.

నావధ్యక్షుని బాధ్యతలు

కౌటిల్యుని పేరిట వెలసిన అర్థశాస్త్రం రెండవ అధికరణంలో నావధ్యక్షుని విధులను వివరించే ప్రకరణం ఉన్నది. ఈ గ్రంథ రచనా కాలం విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. క్రీస్తుకు పూర్వపు శతాబ్దాల నుంచి క్రీ.శ. మూడవ శతాబ్ది వరకు వేర్వేరు కాలాలను సూచించారు. కాలం ఏదైనప్పటికీ, పడవలపై రాజ్యం ఆజమాయిషీని ఇంత వివరంగా చెప్పిన ప్రాచీన గ్రంథాలు అరుదు.

సముద్రయానం, నదీముఖాలు, సరస్సులు, నదులపై రేవులు నావధ్యక్షుని పర్యవేక్షణలో ఉండేవి. తీరగ్రామాలు నిర్ణీతమైన పన్ను చెల్లించాలి. రాజు పడవలను వాడుకున్న జాలరులు పట్టిన చేపలలో ఆరవ వంతు ఇవ్వాలి. శంఖాలు, ముత్యాలు తీసేవారు పడవకు అద్దె చెల్లించవచ్చు, లేదా సొంత పడవలపై వెళ్ళవచ్చు. ఇదంతా ఆదాయానికి సంబంధించిన భాగం.

రెండవ భాగం నిఘా. రాజద్రోహులు తప్పించుకొనిపోకుండా ఉండటానికై నదిని నిర్ణయించిన రేవులలోనే దాటాలి. వేళ కాని వేళలో, రేవు కాని చోట దాటిన వారికి జరిమానా విధించాలి. ముద్ర, అంటే అధికార పత్రం, లేకుండా ప్రయాణించేవారిని ఆపాలి. హింసకు పాల్పడే దొంగ నౌకలను నాశనం చేయాలి.

మూడవ భాగం రక్షణ. పెద్దగాలికి దెబ్బతిని రేవు చేరిన నౌకను నావధ్యక్షుడు తండ్రి వలె ఆదుకోవాలి. నీట తడిసిన సరుకుపై సుంకం పూర్తిగా మాఫీ చేయాలి, లేదా సగమే తీసుకోవాలి. వేసవిలోను, శీతకాలంలోను నీరు తగ్గని మహానదులపై తిరిగే పెద్ద నావలకు అధిపతి, చుక్కాని పట్టేవాడు, కొడవలి, త్రాళ్ళు చూచేవాడు, నీరు తోడేవాడు తప్పక ఉండాలి. తగినంత మంది మనుషులు గాని పరికరాలు గాని లేని పడవ, మరమ్మతు చేయని పడవ మునిగిపోతే, ఆ నష్టాన్ని నావధ్యక్షుడే భరించాలి.

ఈ చివరి నియమం ప్రత్యేకంగా గమనింపదగినది. నీటిపై తిరగడానికి పడవను అనుమతించిన అధికారి దాని క్షేమానికి జవాబుదారీ అవుతాడన్న సూత్రం ఇందులో ఇమిడి ఉన్నది. ఆదాయం, నిఘా, రక్షణ అనే ఈ మూడు పేటలు కలిసిన త్రాడే పడవల నమోదు. తరువాతి చరిత్ర అంతా ఆ మూడింటిలో ఒక్కొక్క పేట బిగియడం, సడలడం గురించిన కథయే.

నాణెంపై ఓడ, రాతిపై అభయం

తెలుగు తీరానికి ఈ చరిత్రలో ప్రముఖ స్థానం ఉన్నది. శాతవాహన రాజులు వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు నాణేలపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ కనిపిస్తుంది. కృష్ణా ముఖద్వారానికి చేరువనున్న ఘంటసాలలో లభించిన ప్రాకృత శాసనం శివకుడనే మహానావికుని పేర్కొంటున్నది. దూరతీరాలకు ఓడలు నడిపే వారికి సమాజంలో గౌరవస్థానం ఉండేదనడానికి ఇది నిదర్శనం.

కాకతీయ గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి శాసనం ఇంతకంటె విలువైనది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆనాడు ప్రసిద్ధమైన ఓడరేవు. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 ప్రాంతానికి చెందిన ఈ శాసనం చరిత్రలో అభయశాసనంగా పేరొందినది. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ తుఫానుకు చిక్కి, బ్రద్దలై, అనుకోని తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడల నుంచి బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాగుకొనేవారని శాసనం చెబుతున్నది. సముద్రాన్ని నమ్ముకొని ప్రాణాలకు తెగించి వచ్చేవారికి ధనమే ప్రాణమని గుర్తించి, దయతోను, కీర్తిని ధర్మాన్ని కోరియు, నిర్ణీతమైన కూపశుల్కం తప్ప మిగిలినదంతా వదలుతున్నట్లు గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ శుల్కం ముప్ఫైకి ఒకటి. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు వంటి సరుకులకు విడివిడిగా రేట్లను కూడా రాతిపై చెక్కించాడు.

సుంకం రేటును అందరూ చదువగలిగే చోట చెక్కించడంలోని ఆంతర్యం స్పష్టమే. అధికారి తనకు తోచినంత అడగడానికి వీలులేదు. వర్తకుడు ఇవ్వవలసినది ఎంతో వర్తకునికే తెలుసు. ఇక్కడ వ్రాత పాలితులనే గాక పాలకుని కూడా కట్టివేస్తున్నది. శతాబ్దం గడిచిన తరువాత, 1358లో, రెడ్డి రాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ ఇటువంటి హామీలనే ఇస్తూ శాసనం వేయించాడు. రాజవంశాలు మారినా, రేవు బ్రతకడానికి మాట నిలబెట్టుకోవడం అవసరమన్న జ్ఞానం నిలిచి ఉన్నది.

కార్తాజ్: రక్షణ లేని పత్రం

పదహారవ శతాబ్ది ఆరంభంలో హిందూ మహాసముద్రంలోకి మరొక విధమైన పత్రం వచ్చింది. 1502 నాటి నుంచి పోర్చుగీసువారు ఆసియా నౌకలు తమ అనుమతి పత్రం తీసుకొనాలని నిర్బంధించారు. దానికి 'కార్తాజ్' అని పేరు. నౌక పేరు, అధిపతి పేరు, నౌక పరిమాణం, మనుషులు, ఆయుధాలు, సరుకు, వెళ్ళవలసిన రేవు ఇందులో వ్రాసేవారు. పత్రానికి చెల్లించే రుసుము స్వల్పమే. అయితే పోర్చుగీసు కోట ఉన్న రేవుకు వెళ్ళి అక్కడ సుంకం కట్టడం దానితో ముడిపడిన షరతు. కార్తాజ్ లేని నౌక పోర్చుగీసు నావికాదళానికి ఎదురైతే సరుకుతో సహా స్వాధీనమయ్యేది.

నౌకను గుర్తించడానికి కావలసిన వివరాలన్నీ కార్తాజ్‌లో ఉన్నాయి. ఆ విధంగా చూస్తే అది నేటి రిజిస్ట్రేషన్ పత్రానికి పూర్వరూపమే. కానీ శతాబ్దాలుగా అందరూ స్వేచ్ఛగా తిరిగిన సముద్రంలో, తాను స్వయంగా సృష్టించిన ప్రమాదం నుంచి తప్పించడానికే ఒక రాజ్యం పత్రం అమ్మడం ఇందులోని వైపరీత్యం. మొగలు చక్రవర్తుల కుటుంబ సభ్యులు సైతం మక్కా యాత్రకు పోవాలంటే దీనిపై ఆధారపడవలసి వచ్చింది. పత్రం ఉన్నంత మాత్రాన రక్షణ దొరికినదీ లేదు. 1613లో, చక్రవర్తి జహంగీరు తల్లి మరియం ఉజ్జమానీకి చెందిన 'రహీమీ' అనే పెద్ద నౌకను, చెల్లుబాటయ్యే కార్తాజ్ ఉన్నప్పటికీ, సూరతు సమీపంలో పోర్చుగీసువారు పట్టుకొన్నారు. దానిపై మొగలు దర్బారు తీవ్రంగా స్పందించింది. పోర్చుగీసువారితో సంబంధాలు తెగేదాకా వచ్చాయి. నావధ్యక్షుని త్రాడులోని మూడు పేటలలో రక్షణ అనే పేట తెగిపోతే మిగిలేది ఎటువంటిదో కార్తాజ్ చరిత్ర తెలుపుతుంది.

చట్టాల శతాబ్దం

ఆంగ్లేయుల కాలంలో నమోదు వ్యవస్థ నేటి రూపానికి దగ్గరగా వచ్చింది. బ్రిటన్‌లో 1786 నాటి చట్టం పై కప్పు గల నౌకలకు, 15 టన్నులు మించిన వాటికి, నమోదును తప్పనిసరి చేసింది. నమోదు పత్రం లేని నౌకకు బ్రిటిష్ నౌకగా లభించే హక్కులు లేవు. ఈ హక్కుల విషయంలో భారతదేశంలో తయారైన నౌకలకు, వాటిని నడిపే భారతీయ నావికులకు సమానస్థానం దక్కలేదు. లస్కర్లుగా పిలువబడిన మన నావికులను బ్రిటిష్ నావికులుగా లెక్కించరాదని 1823 నాటి బ్రిటిష్ చట్టం పేర్కొన్నది. గోదావరి డెల్టాలో కోరంగి, తాళ్ళరేవు, నరసాపురం వంటి చోట్ల తరతరాలుగా ఓడలు కట్టిన వడ్రంగుల నైపుణ్యానికి ఈ నిబంధనలు మేలు చేయలేదు.

భారతదేశంలోనే నౌకలను నమోదు చేయడానికి 1841లో ప్రత్యేక చట్టం వచ్చింది. అంతకు ముందే, 1838లో, బొంబాయి తీరంలోని చిన్న నౌకలకు, చేపల పడవలకు, రేవు పడవలకు సంఖ్య కేటాయించి, దానిని పడవపై గుర్తుగా వేయించే ఏర్పాటు చేశారు. దేశంలో చిన్న పడవపై అంకె కనిపించడానికి ఆధునిక చట్టం దారితీసిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అప్పటి వరకు పడవను దాని ఆకారం, తెరచాప, యజమాని పేరును బట్టి రేవు జనం గుర్తించేవారు. సంఖ్య వచ్చిన తరువాత, ఆ రేవుతో ఏ పరిచయమూ లేని అధికారి కూడా పడవను గుర్తించగలిగాడు.

తెలుగు ప్రాంతంలో ఈ మార్పు సముద్రంతో పాటు కాలువలలోను జరిగింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాగా, గోదావరి డెల్టా కాలువలు పంటపొలాలకు నీటినే గాక ఊళ్ళకు రాకపోకల మార్గాన్ని కూడా ఇచ్చాయి. వడ్లు, కలప, ఉప్పు, ప్రయాణికులతో పడవలు రేయింబవళ్ళు నడిచేవి. ఈ రద్దీని క్రమబద్ధం చేయడానికి మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలు, రేవు బల్లకట్ల చట్టాన్ని చేసింది. 1908 నాటి భారత ఓడరేవుల చట్టం అద్దెకు తిరిగే తెప్పలకు, ప్రయాణికుల పడవలకు లైసెన్సులు ఇచ్చే అధికారాన్ని, వాటిలో ఎందరు ఎక్కవచ్చునో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. మూడు నాలుగు దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్ప కూడా ఈ విధంగా చట్టం పుటలలోకి ఎక్కింది. ఆవిరి యంత్రంతో నదులపై నడిచే నౌకల కొరకు 1917లో వేరే చట్టం వచ్చింది.

ఈ చట్టాలలో రేవు రుసుము, వలస ప్రభుత్వపు వాణిజ్య ప్రయోజనం ముందు నిలిచినమాట వాస్తవం. అయినా ఎక్కగలవారి సంఖ్యకు పరిమితి, పడవ తనిఖీ వంటి నియమాలతో రక్షణ అనే పాత పేట మళ్ళీ కనిపించడం ప్రారంభమయింది.

స్వతంత్ర భారతంలో

1948లో విశాఖపట్నంలో నిర్మాణమై జలప్రవేశం చేసిన 'జల ఉష' స్వతంత్ర భారత నౌకా పరిశ్రమకు శుభారంభం. పదేళ్ళ తరువాత వచ్చిన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం భారతీయ నౌకల నమోదును మన పార్లమెంటు అధికార పరిధిలోకి తెచ్చింది. నౌక ముందు భాగంలో రెండు వైపులా పేరు, వెనుక భాగమైన అమరంపై పేరుతో పాటు నమోదైన రేవు పేరు, లోపలి ప్రధాన దూలంపై అధికారిక సంఖ్య చెక్కి ఉండటం నౌకల ఆనవాయితీ. ముదురు రంగుపై లేత అక్షరాలు గాని, లేత రంగుపై ముదురు అక్షరాలు గాని వాడాలి. నౌక యాజమాన్యాన్ని పది వాటాలుగా లెక్కించడం ఈ చట్టంలోని మరొక అంశం. కొన్నవాని పేరు రిజిస్టరులోకి ఎక్కినప్పుడే కొనుగోలు సంపూర్ణమవుతుంది. తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవాలన్నా ఆధారం ఆ రిజిస్టరే. ఆరు దశాబ్దాలకు పైగా అమలులో ఉన్న ఈ చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని ఆమోదించింది.

చేపల పడవల కథ మరొక దారిలో నడిచింది. మరపడవలు, ట్రాలు వలలు వచ్చిన తరువాత, 1970 దశకంలో, తీరానికి దగ్గరలో వేటాడే సంప్రదాయ జాలరులకు, యంత్రపు పడవలకు మధ్య ఘర్షణలు చెలరేగాయి. తెప్పపై వెళ్ళిన జాలరి వలను రాత్రివేళ మరపడవ చీల్చుకొని పోతే, అది ఏ పడవో చెప్పడానికి ఆధారం ఉండేది కాదు. ఈ సమస్యను పరిశీలించడానికి 1976లో కేంద్ర ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. ఆ తరువాత రాష్ట్రాలకు ఒక నమూనా బిల్లు పంపింది. కేరళ 1980లోను, తమిళనాడు 1983లోను, ఆంధ్రప్రదేశ్ 1994లోను సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టాలు చేశాయి. ఆంధ్ర తీరంలో మొదటి 8 కిలోమీటర్ల వరకు గల జలాలు సంప్రదాయ పడవల కొరకు ప్రత్యేకింపబడ్డాయి. 1983లో మర్చంట్ షిప్పింగ్ చట్టానికి చేసిన సవరణ చేపల పడవల నమోదుకు ప్రత్యేక భాగాన్ని చేర్చింది.

ఈ దశలో సంఖ్యకు కొత్త అర్థం వచ్చింది. బలహీనుడైన జాలరి తన వలను చీల్చిన పడవను వేలెత్తి చూపడానికి అది సాధనమయింది. బలవంతుని అదుపు చేసే గుర్తు బలహీనునికి రక్షణ కాగలదని ఈ చట్టాలు ఆశించాయి. అమలులో ఆ ఆశ అన్ని చోట్లా ఒకే విధంగా ఫలించలేదు. అంకె కనబడకుండా వలలు వ్రేలాడదీయడం, రంగు వెలిసినా తిరిగి వేయించకపోవడం వంటివి చాలా రేవులలో సాధారణమయ్యాయి.

2008 తరువాత

2008 నవంబరు 26న ముంబైపై దాడి చేసిన ఉగ్రవాదులు సముద్ర మార్గంలో వచ్చారు. వారు పోర్‌బందరుకు చెందిన 'కుబేర్' అనే చేపల పడవను నడిసముద్రంలో స్వాధీనం చేసుకొని, అందులోని వారిని చంపి, ఆ పడవపైనే ముంబై సమీపానికి చేరారు. ఆ దాడిలో 166 మంది ప్రాణాలు కోల్పోయారు. పడవ మన దేశానిదే. అందులో ఉన్నవారు మాత్రం పరాయివారు. పడవ గుర్తింపు ఒకటి, పడవలోని మనుషుల గుర్తింపు మరొకటి అన్న విషయం ఆ రాత్రి దేశానికి తెలిసివచ్చింది.

ఆ తరువాత నమోదు వ్యవస్థ వేగంగా మారింది. 2009 నుంచి దేశమంతటికీ ఒకే పద్ధతిలో చేపల పడవల నమోదు మొదలయింది. రాష్ట్రాలు వేర్వేరు పద్ధతులలో ఇచ్చిన పాత సంఖ్యల స్థానంలో దేశం పేరుతో ప్రారంభమయ్యే సంఖ్యలు వచ్చాయి. వివరాలు 'రియల్ క్రాఫ్ట్' అనే కంప్యూటరు వ్యవస్థలోకి చేరాయి. దూరం నుంచే రాష్ట్రాన్ని గుర్తుపట్టేందుకు ఒక్కొక్క తీర రాష్ట్రపు పడవలకు ఒక్కొక్క రంగు నిర్ణయించారు. జాలరులకు వేలిముద్రలతో కూడిన గుర్తింపు కార్డులు ఇవ్వడం ప్రారంభించారు. 20 మీటర్లు మించిన పడవలకు తమ ఉనికిని తెలిపే యంత్రం తప్పనిసరి అయింది. 2024 ఆగస్టులో లక్ష చేపల పడవలకు ట్రాన్స్‌పాండర్లను అమర్చే పథకం ఆరంభమయింది. తీరానికి సమాచారం పంపడంతో పాటు, ఆపద వేళ జాలరి సహాయం కోరడానికి, తుఫాను హెచ్చరిక అందుకోవడానికి ఈ యంత్రం ఉపకరిస్తుంది.

నిఘా కొరకు తెచ్చిన సాధనంలోనే రక్షణకు కూడా చోటు కల్పించడం ఇందులో విశేషం. సముద్రంలో ఆ రెండూ వేరువేరు పనులు కావు. పడవ ఎక్కడ ఉన్నదో తెలియని వారు దానిని ఆపనూ లేరు, కాపాడనూ లేరు.

కొత్త పడవ, కొత్త సంఖ్య

నేడు కొత్త పడవ కొన్న జాలరి దానిని వేటకు దింపే ముందు మత్స్యశాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. పడవ కట్టిన వారి నుంచి తెచ్చిన పత్రం, ఇంజను కొనుగోలు రశీదు, దాని శక్తి, సంఖ్య, యజమాని గుర్తింపు వంటి వివరాలు సమర్పించాలి. పాత పడవను కొన్నట్లయితే అమ్మినవారి నుంచి యాజమాన్యం బదిలీ అయినట్లు చూపాలి. అధికారి రేవుకు వచ్చి పొడవు, వెడల్పు, లోతు కొలిచి, ఇంజనును సరిచూస్తాడు. ఆ తరువాత నమోదు పత్రం, సంఖ్య లభిస్తాయి. వేటకు వెళ్ళడానికి కావలసిన లైసెన్సు దీని తరువాతి మెట్టు.

సంఖ్య వ్రాయడంలో కూడా శాస్త్రం ఉన్నది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేపల పడవల గుర్తుల విషయమై అంతర్జాతీయ ప్రమాణాలు నిర్ణయించింది. గుర్తు పడవకు రెండు వైపులా నీటి మట్టానికి బాగా ఎత్తున ఉండాలి. ఆకాశం నుంచి కనిపించేలా పై భాగంలోను ఉండాలి. నలుపుపై తెలుపు గాని, తెలుపుపై నలుపు గాని వాడాలి. వలలు దానిని కప్పరాదు. పడవలోని నీరు, చేపల వ్యర్థాలు బయటికి పారే చోట వ్రాయరాదు. అక్షరాల ఎత్తు పడవ పొడవును అనుసరిస్తుంది: 5 నుంచి 12 మీటర్ల పడవకు కనీసం 30 సెంటీమీటర్లు, 25 మీటర్లు మించిన దానికి ఒక మీటరు. దూరం, అల, పొగమంచు, చీకటి అన్నింటినీ లెక్కలోకి తీసుకొని చేసిన నిర్ణయమిది. చదవలేని సంఖ్య లేని సంఖ్యతో సమానమే.

సంఖ్య ఇచ్చే ధైర్యం

2023 నవంబరు 19వ తేదీ రాత్రి విశాఖపట్నం చేపల రేవులో అగ్నిప్రమాదం జరిగింది. పక్కపక్కన లంగరు వేసి ఉన్న పడవలకు మంటలు అంటుకొని, 30కి పైగా పడవలు దెబ్బతిన్నాయి. తెల్లవారేసరికి కొన్ని కుటుంబాల జీవనాధారం బూడిదయింది. పడవ విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చెక్క, వల, ఇంజను కాలిపోయినప్పటికీ, రిజిస్టరులో పడవ కొలతలు, యజమాని పేరు, సంఖ్య కాలిపోవు. ఇటువంటి ఆపదలో ఏ పడవ ఎవరిదన్న ప్రశ్నకు అవే సమాధానం చెబుతాయి.

సంఖ్యకు గల పరిమితిని మరొక సంఘటన తెలియజేస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వేలాది జాలరులు ఏటా గుజరాత్ వెళ్ళి అక్కడి మరపడవలపై కూలికి పని చేస్తారు. 2018 నవంబరులో అటువంటి పడవలు కొన్ని పాకిస్తాన్ గస్తీకి చిక్కాయి. పడవలు గుజరాత్‌వి, వాటిలోని మనుషులు తెలుగువారు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా వద్ద స్వదేశంలో అడుగుపెట్టే వరకు వారి ఇళ్ళలో ఎదురుచూపులు తప్పలేదు. ఉభయ దేశాల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రతి ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటారు. పడవపై సంఖ్య యజమాని ఊరిని చెబుతుంది. పట్టుబడిన కూలివాని ఊరును, పేరును చెప్పేది అతని వద్ద గల కార్డు, రేవులో వ్రాసుకొన్న మనుషుల జాబితా మాత్రమే. అందువల్ల పడవ సంఖ్యతో పాటు వేటకు వెళ్ళే ప్రతి మనిషి పేరు నమోదు కావడం అత్యవసరం.

నదులలో ఈ అవసరం మరింత బాధాకరంగా వెల్లడయింది. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం వద్ద, అనుమతి లేకుండా తిప్పిన పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద ఉధృతిలో కచ్చులూరు వద్ద విహారపడవ మునిగి దాదాపు 50 మంది జలసమాధి అయ్యారు. పడవలో ఎందరున్నారన్న లెక్క తొలి రోజులలో మారుతూ వచ్చింది. లోతైన సుడిలో చిక్కిన ఆ పడవను కాకినాడకు చెందిన స్థానిక బృందం అక్టోబరు 22న వెలికి తీసింది. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన దేశీయ జలయానాల చట్టం దేశమంతటికీ చెల్లే నమోదును, కేంద్రీయ సమాచార నిధిని ఏర్పరచింది. యంత్రం లేని పడవలను స్థానిక స్థాయిలో నమోదు చేసే అవకాశం కల్పించింది. ఈ ఏర్పాట్లు ప్రతి రేవులోను ఆచరణలోకి వచ్చినప్పుడే వాటి ప్రయోజనం నెరవేరుతుంది.

రెండు సహస్రాబ్దాల ఈ చరిత్రలో పడవను లెక్కించని ప్రబల రాజ్యం దాదాపు లేదు. లెక్కించిన తరువాత ఏమి చేసినదన్న దానిలోనే రాజ్యాల మధ్య భేదం ఉన్నది. కార్తాజ్ ఇచ్చినవారు నౌక వివరాలన్నీ వ్రాసుకొని, దాని భద్రతకు మాత్రం పూచీ పడలేదు. అర్థశాస్త్రం మునిగిన పడవకు నావధ్యక్షుని బాధ్యుని చేసింది. గణపతిదేవుడు తాను తీసుకొనేది ఎంతో, వదిలేది ఎంతో రాతిపై వ్రాయించి తనను తాను కట్టివేసుకొన్నాడు. నేటి జాలరి తన కొత్త పడవ అణియంపై వ్రాయించుకొనే సంఖ్యలో అతని వంతు బాధ్యత ఉన్నది: దానిని చెరగనీయకుండా, కప్పకుండా, అందరికీ కనిపించేలా ఉంచడం. రెండవ వంతు బాధ్యత ఆ సంఖ్యను ఇచ్చినవారిది. గాలివాన రేగిన రాత్రి ఏ సంఖ్య గల పడవ రేవుకు తిరిగి రాలేదో చూచి, దాని కొరకు వెదుక్కుంటూ బయలుదేరే అధికారి ఉన్నంత కాలం మోటుపల్లి అభయం సజీవంగానే ఉన్నట్లు భావించవచ్చు.